కొండ కాలేజీతో బేరం

మాది పింగాణీ, గాజు సామాన్ల కొట్టు. కప్పులు, సాసర్లు, కూజాలు, పువ్వులు పెట్టుకునే జాడీలు. పగిలే సరుకు అమ్మేవాళ్ళకి చేతిలో నిదానం ఉండాలి, మొహానికి తాళం ఉండాలి. నిదానం పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను. తాళం వెయ్యడం మా అత్తయ్య నేర్పింది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నన్ను సరుకు కొనడానికి గోడౌనుకి తీసుకెళ్ళింది. గడ్డి పరిచి పేర్చిన పళ్ళేల మధ్య నీలం అంచున్న టీ కప్పుల సెట్టు ఒకటి నా కంటపడింది. వెళ్ళి చేతిలోకి తీసుకున్నాను. అత్తయ్య నా మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది.

"నచ్చినదాన్ని ముట్టుకుంటే దాని ధర పెరుగుతుందే పిచ్చిమొహమా. పక్కనున్నదాన్ని ముట్టుకో. అసలుదాన్ని చివర్లో, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, పోనీ ఇదెంత అని అడుగు."

ఆ చదువే మా ఇంటిల్లిపాదీ చదివాం. మా ఇంట్లో ఎవరూ తమకేం కావాలో నోరు తెరిచి చెప్పరు. కిటికీ పక్క మంచం కావాలంటే గోడ పక్క మంచాన్ని పొగుడుతారు. ఒక్క మా ఆయనే దీనికి మినహాయింపు. ఆయన నీళ్ళ ఆఫీసులో మీటర్లు చూస్తాడు. మీటరు ఎంత చూపిస్తే అంత రాయడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే పద్ధతి. ఆకలేస్తే ఆకలేస్తోంది అంటాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి "నువ్వంటే నాకు ఇష్టం" అన్నాడు. దీని వెనకాల ఏముందా అని చాలా రోజులు ఆలోచించాను. ఏమీ లేదు.

మా అమ్మాయిది మాత్రం అచ్చంగా నానమ్మ పోలిక. మనిషి చిన్నది, ఘాటు ఎక్కువ. అందుకే ఇంట్లో మిరియం అంటాం. దాని ఆటబొమ్మలన్నీ కొట్లో పిడి విరిగిన కప్పులే. ఎవరు కొంటారో, ఎవరు ఊరికే తడిమి పోతారో గుమ్మంలో నడక చూసి చెప్పడం దానికి బడిలో చేరకముందే వచ్చు.

ఈ మిరియానికి రెండు ఆడపిల్లల కాలేజీల్లో ఒకేసారి సీటొచ్చింది. ఒకటి మా ఊళ్ళోనే, వంతెన దాటగానే. కొత్త బిల్డింగు, వెలుతురు బాగా ఉంటుంది, ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. రెండోది పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి చేర్చే కొండ మీద. రాతి గోడల పాత కాలేజీ, పేరున్నది. అక్కడ చేరితే హాస్టల్లోనే ఉండాలి, సెలవులకి తప్ప ఇంటి మొహం చూడ్డం కుదరదు. ఒకదాంట్లో చేరితే రెండోది వదులుకోవాల్సిందే, రెండింటి గడువూ ఆ వారంలోనే.

నాకేం కావాలో మీకు చెప్పడంలో నాకు నష్టమేమీ లేదు, మీరు నా దగ్గర ఏదీ కొనబోవడం లేదు. నాకు వంతెన కాలేజీ కావాలి. పైకి చెప్పుకోడానికి కారణాలు బోలెడున్నాయి. పిల్ల చలికి తట్టుకోలేదు, హాస్టలు భోజనం పడదు, కొట్లో చేతి సాయం కావాలి. అసలు కారణం ఒక్కటే. సాయంత్రం జనం పలచబడ్డాక కౌంటరు వెనక స్టూళ్ళ మీద కూర్చుని, పొద్దుట్నుంచీ వచ్చిపోయినవాళ్ళ బేరాలన్నీ తిరగేసి మేమిద్దరం నవ్వుకుంటాం. నాకు రోజు మొత్తం మీద మిగిలేది అదే. దాన్ని కొండెక్కించడం నాకిష్టం లేదు.

అందుకని కొండ కాలేజీని పొగడడం మొదలుపెట్టాను.

"కొండ కాలేజీ అంటే మాటలా? అక్కడ చదివినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారట," అన్నాను భోజనాల దగ్గర.

"ఉండరా మరి. ఆ చలికి తలో దిక్కూ పారిపోయి ఉంటారు," అంది మిరియం. "వంతెన కాలేజీయే నయం. నడిచి పోవచ్చు, నడిచి రావచ్చు."

"నడక మంచిదేలే. కానీ పేరు?"

"పేరేం చేసుకుంటానమ్మా. ఉన్న పేరుకే తుమ్ములొస్తున్నాయి జనానికి."

నాకు అర్థమైపోయింది. పిల్ల వంతెనని ముట్టుకుంటోందంటే దాని కన్ను కొండ మీదుందని. నేను కొండని పొగిడితే నా కన్ను వంతెన మీదుందని దానికీ అర్థమైపోయే ఉంటుంది. ఇద్దరం ఒకరి సరుకునొకరం మెచ్చుకుంటూ మజ్జిగ పోసుకున్నాం.

"నాకేదైనా ఒకటే," అంది అత్తయ్య. ఆవిడ ఆ మాటన్నప్పుడల్లా లోపల ఒక తీర్పు రాసిపెట్టుకుని ఉంటుంది.

మా ఆయన తలెత్తాడు. "పిల్ల ఊళ్ళోనే ఉంటే నాకు బాగుంటుంది. కానీ దానికి కొండ కాలేజీ అంటేనే ఇష్టంలా ఉంది."

ముగ్గురం తినడం ఆపి ఆయన వంక చూశాం. అంత విలువైన మాట అలా నడివీధిలో పారబోసే మనిషిని ఏమనాలి?

"నీకెవడు చెప్పాడురా?" అంది అత్తయ్య.

"కనిపిస్తూనే ఉందిగా," అని ఆయన మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

నేను ఆలస్యం చెయ్యదలుచుకోలేదు. మిరియం నోటితో వంతెన నయమంది. నోట్లోంచి వచ్చిన మాటని అక్కడే పట్టుకుని ముడేసెయ్యాలి. "సరే, నీకంత నచ్చితే వంతెన కాలేజీయే ఖాయం చేద్దాం," అనబోతున్నాను. నా పెదవులు విడిపోకముందే అది అందుకుంది.

"ఏదైనా చూడకుండా ఎలా చేరతాం, అమ్మా? పెట్టె విప్పకుండా సరుకు దించుకుంటామా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. పెట్టె విప్పకుండా సరుకు దించుకోకూడదన్నది నేను దానికి నేర్పిన మాటే. కాదనలేకపోయాను. కొండ కాలేజీ గడువు ముగిసే రోజున ఇద్దరం బస్సెక్కాం.

కొండ మీద నేను చేసిన మొదటి పని లోపాలు వెతకడం. దొరికాయి. మెట్లు అరిగిపోయాయి. నడవాలో పగటిపూటే లైటు వెయ్యాలి. ఒక కిటికీ అద్దం పగిలితే అట్టముక్క అంటించారు. దాన్ని వేలితో కొట్టి, "చూశావా, పేరు గొప్ప," అన్నాను. "అవునమ్మా, ఛీ," అంది మిరియం చాలా తొందరగా.

తర్వాత రసాయనశాస్త్రం గదికి వెళ్ళాం. అక్కడ ఒక మూల పొడవాటి రాతిబల్ల, దాని మీద మంట వచ్చే గొట్టాలు ఉన్నాయి. మాకు చూపించిన టీచరమ్మ చెప్పింది, ఆ గదిలో వాడే గాజు బుడ్లు చాలావరకు అక్కడి పిల్లలే ఊదుకుంటారట. ఈ విద్య చాలా చోట్ల మానేశారు, తాము మానలేదు అంది. ఎవరో కొత్త పిల్ల ఊదిన బుడ్డి ఒకటి కిటికీలో పెట్టి ఉంది. మెడ వంకర. మా కొట్లో అయితే దాన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ పట్టుకుపోరు.

మిరియం దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

నేను దగ్గాను. దించలేదు. మోచేతి దగ్గర గిల్లాను. గిల్లినట్టే తెలియలేదు దానికి. బుడ్డిని వెలుతురుకి ఎత్తి, మంట ఎంత వేడి ఉండాలి, ఊదుతూ తిప్పకపోతే ఏమవుతుంది, మెడ ఎందుకు వాలిపోయింది అని టీచరమ్మని ఒకదాని వెంట ఒకటి అడుగుతోంది. మా అమ్మాయి అంత తిన్నగా ప్రశ్నలడగడం నేనెప్పుడూ వినలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకీ పైకి వినిపించేదే అర్థం, వేరే అర్థం లేదు. ఇన్నేళ్ళుగా గాజు అమ్ముతున్నాం. అది ఎలా పుడుతుందో తెలుసుకోవాలని నాకొక్కనాడూ అనిపించలేదు. దీనికి ఎప్పట్నుంచి అనిపిస్తోందో నాకు తెలియదు.

అక్కడికక్కడే నా లెక్క మార్చుకున్నాను. ఇది నిజం. తర్వాత దీన్ని ఎవరూ నమ్మలేదు కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

మెట్లు దిగుతూ అన్నాను, "ఇదే తీసుకుందాం."

అది ఆగిపోయింది. "ఏది?"

"ఈ కాలేజీయే. నిజంగానే అంటున్నాను. ముందు ఆ మొహం సర్దుకో. ఆఫీసులో ఆ మొహం చూశారంటే ఏ గది పడితే ఆ గది అంటగడతారు."

మిరియం మొహం సర్దుకుంది. దీపం ఆర్పినట్టు సర్దుకుంది. నాకు గర్వంగా అనిపించింది.

ఆఫీసు ముందు బెంచీల మీద కొంతమంది ఆడపిల్లలు తల్లుల పక్కన, తండ్రుల పక్కన కూర్చుని ఉన్నారు. సీటు రాక, ఎవరైనా వదులుకుంటే అందుకుందామని ఎదురు చూస్తున్నవాళ్ళు. లోపల కళ్ళద్దాలకి తాడు కట్టుకున్న ఒకావిడ బల్ల వెనక ఉంది. మా కాగితాలు తీసి మా ముందుకి తోసింది.

"ఇక్కడ సంతకం పెట్టండి. గది కింది అంతస్తులో, వంటగది పక్కన. నలుగురు పిల్లలుంటారు."

పిల్లని ఎలాగూ వదులుతున్నాను. మంచి గదిలోనైనా వదలాలి కదా. "పై అంతస్తులో కిటికీ ఉన్న గది చూడండి. ఇద్దరుండేది," అన్నాను.

"గదులు వరసలో ఇస్తామండీ."

"వరసదేముంది, మనం అనుకుంటే అదే వరస."

"కాదండీ. వరస అంటే వరసే."

గట్టి మనిషే అనుకున్నాను. గట్టివాళ్ళని నేను చూడకపోలేదు. "మా అమ్మాయికి వంతెన కాలేజీలో కూడా సీటొచ్చింది, తెలుసాండీ?"

"అలాగా. సంతోషం."

"వాళ్ళు ఒకటే బతిమాలుతున్నారు."

"మంచి కాలేజీ అండీ అది," అందావిడ. పక్క కొట్టు సరుకుని మెచ్చుకునే అమ్మకందారు నాకు అంతవరకూ తగల్లేదు. ఇది పెద్ద ఎత్తే అనుకున్నాను. పెద్ద ఎత్తుకి పెద్ద ఎత్తే వెయ్యాలి. కాగితాలు వెనక్కి తోశాను.

"అయితే మాకొద్దులెండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఖాయమేనా?"

మా వ్యాపారంలో ఎదుటివాడు ఖాయమేనా అన్నాడంటే కాస్త దిగాడని అర్థం. "ఖాయమే," అన్నాను.

ఆవిడ మిరియం వైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

ఇంకాస్త దిగింది. మిరియం ఆవలింత ఆపుకుంటున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాకసలు చలే పడదండీ. అమ్మ బలవంతం మీద చూడ్డానికొచ్చాను." దాన్ని అక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది నాకు.

"ఇంకోసారి ఆలోచించుకోండి. బయట చాలామంది కాచుకుని ఉన్నారు," అందావిడ.

బయట చాలామంది కాచుకుని ఉన్నారన్నది వర్తకంలో అన్నిటికంటే పాత అబద్ధం. దాన్ని నేను రోజూ పొద్దున్నే వాడతాను. "వాళ్ళకే ఇచ్చుకోండి," అని లేచాను. మిరియం నాతో పాటే లేచింది. ఇద్దరం ఒకే అడుగు వేస్తూ బయటికి నడిచాం.

కొనేవాడు గుమ్మం దాటేలోపు అమ్మేవాడు పిలవాలి. అది లోకం పద్ధతి. మేం గుమ్మం దాటాం, పిలుపు రాలేదు. నడవా పొడవుగా ఉంది కదా, ఇక్కడి పద్ధతి నడవా చివరి దాకానేమో అనుకున్నాను. నడక తగ్గించాం. గోడకి బోర్డు కనిపిస్తే ఆగి హాస్టలు నియమాలు చదివాం. మిరియం వంగి చెప్పు పట్టీ బిగించుకుంది. విప్పింది, మళ్ళీ బిగించుకుంది.

"అమ్మా, ఎప్పుడు పిలుస్తారు?"

"పిలుస్తారు. వెనక్కి చూడకు."

వెనకాల ఆఫీసావిడ గొంతు వినిపించింది. ఎవరినో పిలిచింది, మమ్మల్ని కాదు. బక్కపల్చటి పిల్లొకతె తండ్రితో లోపలికి పరుగెత్తింది. ఆ తండ్రి అరచేతుల్ని చొక్కాకి తుడుచుకుంటున్నాడు. కాసేపటికి ఆ పిల్ల ఏడుస్తూ బయటికొచ్చింది. సంతోషంతో.

మేం వెనక్కి నడిచాం. ఈసారి అడుగులు కలవలేదు.

"మీరు వద్దన్నారుగా," అంది ఆఫీసావిడ.

"అది బేరమండీ."

"బేరమా? ఎవరితో?"

"మీతోనే."

ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నాకు తెలియలేదమ్మా," అంది. "నేను అమ్మేదాన్ని కాదు. ఎవరు వస్తామన్నారు, ఎవరు రామన్నారు, అంతే రాసుకుంటాను. మూడుసార్లు అడిగానే."

మిరియం బయటికి వెళ్ళిపోయింది. నేను ఉండిపోయి ఆవిడ్ని బతిమాలాను. బతిమాలడం నాకు రాదు. ఎప్పుడూ చేసిన పని కాదు కాబట్టి చాలా అసహ్యంగా చేసి ఉంటాను. ఆవిడ జాలిపడి, ఎదురు చూసేవాళ్ళ వరసలో అందరికన్నా చివర మిరియం పేరు చేర్చి, కొట్టు ఫోను నంబరు తీసుకుంది. "ఎవరైనా మానేస్తే చేస్తాను. ఆశ మాత్రం పెట్టుకోకండి," అంది. ఆశ పెట్టుకోవద్దన్నదాన్ని పిల్లకి చెప్పి ఊరించడం దేనికని నేను మిరియానికి ఆ సంగతి చెప్పలేదు.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొండ దిగాక అడిగింది.

"నువ్వు నిజంగా గది కోసమే బేరమాడావా?"

"నిజంగానే."

"సరే," అంది. అప్పటికి నమ్మినట్టే ఉంది.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. అత్తయ్య విని, చేతిలో ఉన్న గుడ్డ పక్కన పెట్టి, నా వీపు తట్టింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"శభాషే. వద్దని నువ్వనడమే కాకుండా దాని నోటితోనూ అనిపించావు. పైగా అంత దూరం తీసుకెళ్ళి మరీ. నావల్ల కూడా అయ్యేది కాదు."

"అత్తయ్యా, నేను నిజంగా పొరబడ్డాను."

"ఆఁ, పొరబడ్డావు," అని ఆవిడ కన్ను గీటింది.

నేను మిరియం వైపు చూశాను. దాని మొహంలో ఒక్కో తలుపూ మూసుకోవడం కనిపించింది. లెక్క చూస్తే దాని తప్పు లేదు. నాకు వంతెన కాలేజీ కావాలి, వంతెన కాలేజీయే దక్కింది. సరిగ్గా నాకు కావలసినట్టే జరిగినదాన్ని నేను పొరపాటంటున్నాను. ఆ మాట ఎదుటివాడంటే నేను మాత్రం నమ్ముతానా?

మా ఆయన పడుకునే ముందు అడిగాడు. "నువ్వు నిజంగా పొరబడ్డావా?"

"అవునండీ."

"అయ్యో," అని ఆయన నమ్మేశాడు. ఆయన నమ్మకం నాకు బజారులో చెల్లదు.

మిరియం వంతెన కాలేజీలో చేరింది. రోజూ నడిచి వెళ్ళేది, నడిచి వచ్చేది. సాయంత్రం కౌంటరు వెనక నా పక్కనే స్టూలు మీద కూర్చునేది. అంతా నేను కోరుకున్నట్టే. కానీ నాతో కొనడానికొచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది. "చెప్పమ్మా." "అలాగేనమ్మా." "ఇంకేమైనా కావాలా అమ్మా?" ఒకరోజు ఒకావిడ చెంచా కోసం వచ్చి పూలజాడీ కొనుక్కుని, చెంచా మర్చిపోయి వెళ్ళింది. ఇదివరకైతే దాని మీద వారం రోజులు నవ్వేవాళ్ళం. నేను నవ్వి దాని వంక చూశాను. అది దుమ్ము దులుపుతోంది.

గాజులో వెంట్రుకవాసి పగులొస్తే పైకి ఏమీ కనపడదు. నీళ్ళు కూడా కారవు. వేలితో కొట్టినప్పుడు మోగదు, అంతే. అలాంటి సరుకుని మేం ముందువరసలో పెట్టం.

కాలేజీలు తెరిచి కొన్ని వారాలైంది. ఒక మధ్యాహ్నం టీ కూజాకి పాత పేపరు చుడుతుంటే ఫోను మోగింది. కొండ కాలేజీ ఆఫీసావిడ. రసాయనశాస్త్రంలో చేరిన ఒక పిల్ల మానేసి వెళ్ళిపోయిందట, వరసలో మిగతావాళ్ళంతా వేరేచోట్ల చేరిపోయారట.

"రేపటికల్లా వచ్చేటట్టయితే సీటు మీ అమ్మాయిదే. వచ్చేదీ రానిదీ ఈ సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేలోపు చెప్పాలి. లేకపోతే ఇక ఈ ఏడాదికి ఎవరినీ చేర్చుకోం," అంది. కాస్త ఆగి, "గది వంటగది పక్కదేనండీ," అంది.

అత్తయ్య లోపలి గదిలోంచి వచ్చింది. "ఎవరే?"

చెప్పాను.

"ఫోనేమీ రాలేదు," అంది ఆవిడ.

"అత్తయ్యా."

"నీకు కావలసింది నీ ఇంట్లో ఉంది. చేతికొచ్చిన సరుకుని తిరిగి పంపేవాళ్ళని ఈ వీధిలో చూశావా? మూసేస్తారుగా సాయంత్రానికి. మూసెయ్యనీ. తెలిసేదెవరికి?"

ఎవరికీ తెలియదు. అబద్ధమెందుకు, ఆలోచించాను. కూజాకి పేపరు చుట్టడం అయ్యేదాకా ఆలోచించాను. దాని చుట్టూ పురికొస కట్టడం అయ్యేదాకా కూడా ఆలోచించాను.

మిరియం వచ్చి సంచీ దించగానే చెప్పాను. "కొండ కాలేజీ నుంచి ఫోనొచ్చింది. సీటు ఖాళీ అయిందట. నువ్వు వెళ్ళు."

ఒక్క క్షణం దాని కళ్ళు ఆ బుడ్డిని ఎత్తి చూసినప్పటిలా వెలిగాయి. ఆ వెంటనే తాళం పడింది.

"నన్ను వెళ్ళమంటున్నావా?"

"అవును."

"నువ్వు?"

"నేనే."

"ఎందుకు?"

"నీకిష్టం కాబట్టి."

అది నవ్వింది. ఎన్నో వారాల తర్వాత నవ్వింది కానీ అది నాకు కావలసిన నవ్వు కాదు. "అమ్మా, నేనూ ఈ కొట్లోనే పుట్టాను. ఇక్కడ క్లాసులు మొదలయ్యాయి, స్నేహాలు కలిశాయి. నువ్వు వెళ్ళమంటే నేను పంతానికి వెళ్ళనంటానని నీకు తెలుసు. అప్పుడు నీ చేతికి మట్టంటదు. నేను వెళ్ళమన్నాను, అదే వద్దంది అని నువ్వు ముసలిదానివయ్యేదాకా చెప్పుకోవచ్చు."

అది నాకు తోచలేదు. ఎంత బాగా ఆలోచించిందో అనుకున్నాను.

అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి కొట్లోకి వచ్చాడు. మిరియం ఆయన్ని పట్టుకుంది. "నాన్నా, అమ్మ మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అంటోందా, నిజంగానే నన్ను వెళ్ళమంటోందా?"

ఆయన సంచీ భుజాన ఉంచుకునే ఆలోచించాడు. "మీ అమ్మ మనసులోది నాకెలా తెలుస్తుందమ్మా? నేను చూడలేదుగా," అన్నాడు.

"చూశావా," అంది మిరియం నాతో. "నాకక్కర్లేదు. వంతెన కాలేజీయే బాగుంది. చెప్పెయ్యి వాళ్ళకి రానని."

ఆ మాట నన్ను చూసి అనలేదు. పైఅరలోని గాజు గ్లాసుల్ని చూస్తూ అంది, చేతులు వెనక్కి కట్టుకుని. గోడ గడియారం ఐదుకి దగ్గరపడుతోంది. ఇంకెన్ని ఒట్లు పెట్టినా లాభం లేదని నాకు తెలిసిపోయింది. వెళ్ళమన్న కొద్దీ ఇది ఉండిపోతుంది. నన్ను గెలిచానని అనిపిస్తే తప్ప ఇక్కణ్ణుంచి కదలదు.

దాన్ని కదిలించే మాట నా దగ్గర ఒకటుంది. ఎప్పటి నుంచో ఉంది. దాన్నెప్పుడూ బయటపెట్టలేదు.

"సరే, వెళ్ళకు," అన్నాను. "నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు. మొదట్నుంచీ లేదు. నువ్వు వెళ్ళిపోతే సాయంత్రం ఈ స్టూలు మీద నేనొక్కదాన్నే కూర్చోవాలి. వచ్చినవాళ్ళ గురించి ఎవరితో చెప్పుకోను? మీ నాన్నతో చెబితే అందులో నవ్వడానికేముంది అంటాడు. నాకు నువ్వు ఇక్కడే ఉండాలి. ఉండిపో."

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్ళు నేను పెట్టుకున్నవి కావు, వాటంతటవే వచ్చాయి.

మిరియం నన్ను చూసింది. కప్పు తిరగేసి అడుగున ముద్ర ఉందా లేదా చూస్తామే, అలా చూసింది. ముద్ర ఉంది. అసలుదే.

"అదీ," అంది నెమ్మదిగా. "ఇప్పుడు బయటపడ్డావు."

ఫోను దగ్గరికి నడిచింది. నంబరు నన్ను అడిగి తిప్పింది. "నేను రేపొస్తున్నానండీ," అంది. "ఏ గదైనా ఫరవాలేదండీ."

అత్తయ్య రాత్రి భోజనమై చేతులు కడుక్కున్నాక అంది. "ఇంకో పావుగంట ఓర్చుకుంటే గడువు దాటిపోయేది. కన్నీళ్ళు పెట్టుకుని పాడుచేశావు. అమ్మేవాళ్ళు ఏడుస్తారుటే?"

"పొరబడ్డానత్తయ్యా," అన్నాను. ఈసారి ఆవిడ నమ్మింది.

మర్నాడు పొద్దున్న మిరియం బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకుని, తల బయటికి పెట్టి నన్ను ఓదార్చింది.

"బాధపడకమ్మా. నువ్వు బాగానే ఆడావు. చివర్లో కాస్త తొందరపడ్డావు, అంతే."

"అవునే, తొందరపడ్డాను."

"అందరికీ అన్నిసార్లూ కుదరదులే. నన్ను వెళ్ళమన్నావు చూడు, అక్కడ భలే పట్టుగా ఉన్నావు. దాదాపు నమ్మేశాను."

"నిజంగా?"

"నిజంగానే. కాస్తలో తప్పిపోయింది నీకు."

"నువ్వే గెలిచావు," అన్నాను.

అది నవ్వింది. కౌంటరు వెనక స్టూలు మీద నవ్వే నవ్వు. బస్సు కదిలింది. చేతులూపడం మాకు అలవాటు లేదు, అందుకని చూస్తూ నిలబడ్డాను.

తిన్నగా వచ్చి కొట్టు తెరిచాను. మొదట వచ్చినాయన నీళ్ళ కూజా అడిగాడు. బేరమాడే ఓపిక లేక, ఇవ్వగలిగిన ధరే ముందు చెప్పేశాను. అడుగున చిన్న గాలిబుడగ ఉందని కూడా చెప్పి, వెలుతురుకి పెట్టి చూపించాను. ఆయన కూజా అందుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఇంత తక్కువ చెప్పి, లోపం కూడా మీరే చూపిస్తున్నారంటే ఇందులో ఇంకేదో ఉందండీ," అని కూజా జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఎదురుగా ఉన్న కొట్లోకి వెళ్ళాడు.